గీత పడని కారు

జనవరి 12

చెల్లికి,

అన్నయ్య రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్ళు తప్ప. నువ్వు ఫోన్ చేయమంటావు. ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే వాదనలోకి దిగుతాం. కాగితం మీదయితే ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగక తప్పదు, అందుకని నాకు ఇదే నచ్చుతుంది.

అసలు సంగతికి వస్తాను. నాన్న కారు నడిచింది.

వెనక తుప్పు పట్టిన రేకంతా కోసేసి కొత్తది అతికాను. లప్పం పెట్టి, అరగదీసి, అదే మీగడ రంగు కొట్టాను. కార్బురేటర్ విప్పితే లోపల కందిరీగల గూడు. అంతా కడిగి, బిగించి, పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేశాను. ముందు దగ్గింది, తర్వాత గొంతు సవరించుకుంది, ఆ తర్వాత అందుకుంది. ఆ చప్పుడికి అమ్మ లోపలి గదిలోంచి "ఎవర్రా వచ్చింది?" అంది. ఎవరూ లేరమ్మా అన్నాను. ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

తాత నడిపిన దొరగారి కారుకి కార్బైడ్ దీపాలట, పక్కలకి గుడ్డ పరదాలట, వాన వస్తే లోపలున్నవాళ్ళే గొడుగు వేసుకునేవారట. నాన్న కారు నాటికి దీపాలు కరెంటువయ్యాయి గానీ, స్టార్ట్ చేయడానికి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పడం పోలేదు. "బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచరా, అది వెనక్కి తన్నిందంటే మణికట్టు ఊడుతుంది" అని నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు మన పిచ్చుకకి వాళ్ళ సర్వే ఆఫీసువాళ్ళు ఒక కరెంటు బండి ఇచ్చారు. తాళం చెవి కూడా అక్కర్లేదు, జేబులో ఏదో బిళ్ళ ఉంటే చాలట. చప్పుడు లేదు, పొగ లేదు, ముందు బంపర్ మీద మోచెయ్యి ఆనిస్తే లోపలికి పోయింది. పైన పటారం, లోన లొటారం. నా కూతురు అలాంటి డబ్బాలో లారీల మధ్య తిరుగుతుంటే నాకు అన్నం సహించడం లేదు.

అందుకే నాన్న కారు దానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. గట్టితనం నీకు తెలిసిందే. నాన్న పోయిన రోజు కూడా బంపర్ కాస్త వంగింది తప్ప దాని ఒంటి మీద గీత పడలేదు.

నువ్వేమంటావో రాయి.

మీ అన్నయ్య


జనవరి 21

అన్నయ్యకు,

ఉత్తరం అందింది. అమ్మ అడిగిన మాట దగ్గర నేనూ ఆగిపోయాను. ఆ ఇంజన్ చప్పుడు వినగానే మనిద్దరం పుస్తకాలు ముందేసుకుని చదువుతున్నట్టు నటించేవాళ్ళం కదా.

నీ చేతిపనికి వంక పెట్టేవాళ్ళు పుట్టలేదు. కానీ ఒక మాట వినాలి. నా ఉద్యోగం గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. "మా చెల్లెలు కార్లు పగలగొట్టి జీతం తీసుకుంటుంది" అని నీ రిపేరు షెడ్డులో అందరినీ నవ్విస్తావని వదిన చెప్పింది. నిజమే, పగలగొడతాం. మాది పొడుగాటి షెడ్డు, మధ్యలో పట్టాలు, చివర కాంక్రీటు గోడ. కారులో మనిషంత బొమ్మను కూర్చోబెట్టి, మొహానికీ రొమ్ముకీ తడి రంగు పూసి, గోడకేసి కొట్టిస్తాం. తర్వాత ఆ రంగు ఎక్కడెక్కడ అంటుకుందో చూస్తాం. బొమ్మకు ఎక్కడ తగిలిందో అదే చెబుతుంది.

అందరూ కర్ర విరగకుండా పాము చావాలంటారు. మా పని దానికి తలకిందులు. కర్ర ముక్కలైపోయినా సరే, ప్రాణం పోకూడదు. నడుస్తున్న కారుకి వేగం ఉంటుంది. కారు ఆగితే ఆ వేగం ఎటో పోవాలి. ముందు రేకు మడతలు పడితే ఆ మడతల్లోకి పోతుంది. మడతపడకపోతే లోపలున్న మనిషిలోకి పోతుంది. నీ మోచేతికి లొంగిపోయిన ఆ బంపర్, దాని వెనకున్నవీ అలా లొంగడానికే పుట్టాయి. మనిషి కూర్చునే గది మాత్రం లొంగదు.

నాన్న కారుకి బెల్టు లేదు, దెబ్బ తగిలితే ఉబ్బే గాలి సంచి లేదు, తలుపు గొళ్ళెం పెట్టె మూతకుండే గొళ్ళెం లాంటిది. దాన్ని ముస్తాబు చేసి షెడ్డు ముందు పెట్టుకో, కంటికి రెప్పలా చూసుకో. రోడ్డు మీదికి మాత్రం పిచ్చుకను అందులో పంపకు.

అమ్మ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం మానొద్దని చెప్పు.

చెల్లి


ఫిబ్రవరి 3

చెల్లికి,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించలేదు. చదివితే బాధపడేది.

నువ్వు చదువుకున్నావు, పెద్ద పెద్ద గోడలకి కార్లు కొట్టిస్తున్నావు, సంతోషం. నేను పాతికేళ్ళ వయసు నుంచీ వంగిన బండిని సుత్తితో నిలబెట్టి బతుకుతున్నాను. ఏ బండి గట్టిదో నా చేతికి తెలియదా? నీ మాటలు చూస్తే నాన్న కారు మనుషుల్ని మింగేదానిలా ఉంది.

నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు అంతగా తగల్లేదు. నాన్న పోయినప్పుడు ఊరంతా ఏమన్నదో నేను విన్నాను. వంతెన మీద సైకిలాయన అడ్డం వచ్చాడు, నాన్న బండి పిట్టగోడకి ఆనుకుని ఆగింది. దెబ్బ లేదు, రక్తం లేదు. ఆ సైకిలాయన వచ్చి అందరితో, "నన్ను చూసి బెదిరిపోయాడయ్యా, గుండె అక్కడే ఆగిపోయింది" అన్నాడు. అంతే, అది పట్టుకున్నారు. "జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్నవాడు సైకిల్ని చూసి హడలి చచ్చాడు" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. నేను అటు వెళ్తే మాట మార్చేవారు. ఆ సైకిలాయన ఇప్పటికీ మా షెడ్డు ముందునుంచే వెళ్తాడు. నేను తల ఎత్తను.

మనిషిని తక్కువ చేశారు. మిగిలింది కారు. గోడని గుద్ది కూడా నిలబడ్డ కారు. ఇప్పుడు నువ్వు దాన్నీ తక్కువ చేస్తే ఇక ఆయనది ఏం మిగిలినట్టు?

పిచ్చుకకి ఏది మంచిదో నాకు తెలుసు.

అన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యకు,

నువ్వు కోపంగా రాసినా, టీ కొట్టు సంగతి రాశావు. అది నాకు తెలియదు. తెలిసుంటే నా మొదటి ఉత్తరం వేరేలా రాసేదాన్ని.

నాన్న బెదిరి పోలేదు అన్నయ్యా.

అమ్మ ఒకసారి నాతో అంది: ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు గానీ రొమ్ము మధ్యలో గుండ్రంగా కమిలి ఉందని. ఆ మాట ఎన్నేళ్ళుగానో నా మనసులో ఉంది. ఈ ఉద్యోగంలో చేరాక అలాంటి గుర్తులు బొమ్మల మీద చూశాను. ఆ కాలం కార్లలో స్టీరింగ్ గొట్టం ముందు ఇరుసు దగ్గర్నుంచి డ్రైవర్ రొమ్ము దాకా ఒకే కడ్డీ. ముందు దెబ్బ తగిలితే అది బల్లెం లాగా నిలబడుతుంది, మనిషి వెళ్ళి దాని మీద పడతాడు. ఇప్పటి గొట్టాలు దెబ్బకి వాటిలోకి అవే ముడుచుకుపోతాయి. అది కనిపెట్టేలోపు ఎంతోమంది డ్రైవర్లు నాన్నలాగే పోయారు. పైకి రక్తం కనబడదు, కారుకి గీత ఉండదు, చూసినవాళ్ళు గుండె ఆగిందంటారు.

ఇంకోటి కూడా. సైకిల్‌కి తగలకుండా బండి పిట్టగోడ వైపు వెళ్ళిందంటే ఎవరో చక్రం తిప్పారనే కదా. హడలిపోయిన చేతులు తిప్పలేవు, బిగుసుకుపోతాయి.

ఇది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. ఉత్తరంలో ఎంత మెత్తగా రాసినా గరుకుగానే ఉంటుంది. నాన్నను చంపింది ఆ కారు గట్టితనమే. పిచ్చుకను ఆ సీట్లో కూర్చోబెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చెల్లి


మార్చి 9

చెల్లీ,

శుక్రవారం ప్రమాదం జరిగింది. లారీ. పిచ్చుక ఆస్పత్రిలో ఉంది. బండి మొత్తం పోయింది. గుర్తుపట్టలేం.

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని మనసులో పెట్టుకోకు. ఇంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు.

అన్నయ్య


మార్చి 13

అన్నయ్యకు,

నీ ఉత్తరం చూడగానే ఫోన్ చేశాను. వదిన తీసి, "ప్రాణానికి భయం లేదన్నారమ్మా" అని, ఏడుస్తూ పెట్టేసింది. ఆ తర్వాత ఎవరూ తీయలేదు.

నేను చెప్పాను. ఒకసారి కాదు, రెండు ఉత్తరాలు రాశాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. నీకు ఊళ్ళో వాళ్ళ మాట ముఖ్యమైంది, కారు పరువు ముఖ్యమైంది. నీ పంతం కోసం దాన్ని అందులో కూర్చోబెట్టావు. గుర్తుపట్టలేనంతగా పోయిందంటే ఆ పిల్ల రొమ్ముకి ఏమై ఉంటుందో నీకు తెలియదు, నాకు తెలుసు. నేను రోజూ చూసేది అదే. నిన్న షెడ్డులో పని చేయలేకపోయాను. బొమ్మకి రంగు పూయబోయి, కుంచె పక్కన పెట్టేశాను.

డాక్టర్లని ఛాతీకి మళ్ళీ ఫోటో తీయమని చెప్పు. పైకి బాగున్నట్టు కనిపించినా నమ్మొద్దు. ఎల్లుండి బయల్దేరడానికి సెలవు అడిగాను, ఇంకా ఇవ్వలేదు.

ఇంకేమీ రాయలేను.

చెల్లి


మార్చి 21

చెల్లికి,

నీ ఉత్తరం చదివి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, గోడకి ఆనుకుని కూర్చున్నాను. నువ్వు పొరబడ్డావు. తప్పు నాదే, ఏ బండో రాయలేదు.

పిచ్చుక వెళ్ళింది కరెంటు బండిలో.

శుక్రవారం పొద్దున నాన్న కారు తాళం దాని చేతిలో పెట్టింది మాత్రం నేనే. నీ రెండో ఉత్తరం చదివాక కూడా పెట్టాను. లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది, అయినా పెట్టాను. అది తాళం తిరిగి నా అరచేతిలో వేసి, "ఆఫీసు పని మీద ఆఫీసు బండే నాన్నా, లేకపోతే సంతకాలు పెట్టించుకుని చంపుతారు" అని నవ్వుతూ వెళ్ళింది. నువ్వు తిట్టిన ప్రతి మాటా నాకు చెందకుండా పోయింది ఆ ఒక్క సంతకాల గొడవ వల్ల. కాబట్టి క్షమాపణలేమీ రాయకు.

కబురు వచ్చాక నేను ముందు పోలీస్ స్టేషన్ ఆవరణకి వెళ్ళాను. ఆస్పత్రికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. అక్కడ మన బండి ఏదో కనబడక అటూ ఇటూ తిరుగుతుంటే కానిస్టేబుల్ చెయ్యి చూపించాడు. ముందు భాగం లేదు. నలిపి పారేసిన కాగితంలా ఉంది. ఇన్నేళ్ళు నలిగిన బండ్లే చూసినా, అంతలా నలిగింది చూడలేదు. కూతురు లేదనుకున్నాను.

"తలుపు తీసి చూడండి" అన్నాడు అతను. రాదులే అనుకుంటూనే లాగాను. తలుపు వచ్చింది. మామూలుగా, ఇంటి ముందు నిలబెట్టిన బండి తలుపులాగా వచ్చింది. లోపల తెల్లటి సంచులు వేలాడుతున్నాయి. దాని నీళ్ళ సీసా పెట్టిన చోటే ఉంది. నేను ఆ తలుపు వేసి, మళ్ళీ తీశాను. మళ్ళీ వేశాను. కానిస్టేబుల్ పక్కకి వెళ్ళిపోయాడు.

పిచ్చుకకి చీలమండ విరిగింది. సంచి రాసుకుని మోచేతులు బొబ్బలెక్కాయి. భుజం నుంచి నడుం దాకా బెల్టు గుర్తు నీలంగా ఉంది. ఛాతీ ఫోటో రెండుసార్లు తీశారు, ఏమీ లేదు. నన్ను చూసి, "ఏంటి నాన్నా, బండిని బాగుచేద్దామనుకుంటున్నావా?" అంది. లేదన్నాను. నా చేతుల్లో పడ్డ బండిని బాగుచేయనని నేను ఎప్పుడూ అనలేదు. అది బాగుచేయడానికి చేసింది కాదు.

ఇంటికొచ్చి నాన్న కారులో కూర్చున్నాను. మెల్లగా ముందుకు వంగాను. స్టీరింగ్ మధ్య గుండ్రటి ముక్క సరిగ్గా అమ్మ చెప్పిన చోటే తగిలింది.

ఒకటి అడుగుతాను, పిచ్చిపట్టిందనుకోకు. మీ గోడకి ఈ కారుని కొట్టించగలవా? నువ్వు రాసింది నమ్మక కాదు. నమ్మాను. కానీ ఇన్నేళ్ళు చెవులతో విన్నది చెరిగిపోవాలంటే కళ్ళతో చూడాలి.

అన్నయ్య


ఏప్రిల్ 4

అన్నయ్యకు,

క్షమాపణలు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. కానీ ఆ ఉత్తరం చించేయి. సెలవు ఇవ్వలేదు, అందుకే పిచ్చుకను చూడ్డానికి రాలేకపోయాను.

మా పెద్ద ఇంజనీరుని అడిగాను. కొత్తగా చేరినవాళ్ళకి చూపించడానికి పాత బండి ఎప్పటినుంచో కావాలని, అయితే ఎవరూ ఇవ్వరని అన్నాడు. ఎవరిస్తారు మరి. నువ్వు మళ్ళీ ఒకసారి ఆలోచించు. ఆ మీగడ రంగు కోసం ఎన్ని డబ్బాలు కలిపి చూసుంటావో నాకు తెలుసు. కొట్టాక ఇరుసు వంకరపోతుంది, ఇక నడవదు. వద్దనుకుంటే ఒక్క మాట చాలు, నేనేమీ అనుకోను.

రావాలనుకుంటే ఈ నెలాఖరుకి బండిని లారీ మీద పంపి, నువ్వు రైల్లో రా. వేగం ఎక్కువ పెట్టడం లేదు. వంతెన దగ్గర నాన్న ఎంత వేగంతో వెళ్ళి ఉంటారో, బంపర్ కాస్తే వంగిందని నువ్వు రాసిన దాన్నిబట్టి లెక్కగట్టి పెడుతున్నాం. మా దగ్గర బొమ్మలు పొట్టివీ పొడుగువీ చాలా ఉన్నాయి. నాన్న ఎత్తుది ఎంచి పక్కన పెట్టాను.

చెల్లి


మే 6

చెల్లికి,

క్షేమంగా చేరాను. కారుని గోడకి కొట్టించిన రోజు నీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. నువ్వు నా పక్కనే ఉన్నా, ఇప్పుడు రాస్తేనే నాకు చెప్పినట్టుంటుంది.

అద్దం వెనక నిలబడి చూశాను. ఒక్కటే చప్పుడు, నేననుకున్నంత పెద్దది కూడా కాదు. దుమ్ము తగ్గాక కారు అలాగే ఉంది. బంపర్ వంగింది, బానెట్ కాస్త లేచింది, దీపాల గాజులు పగల్లేదు. మీ కుర్రాళ్ళలో ఒకతను, "పాతకాలం బండి, ఎంత గట్టిదో చూశారా" అన్నాడు. అంతకుముందు నేనైతే మీసం దువ్వుకునేవాణ్ణి. తర్వాత నువ్వు ఆ ఫిల్మ్ మెల్లగా తిప్పించావు. కారు ఆగిపోయింది, బొమ్మ ఆగలేదు. వెళ్ళి స్టీరింగ్ మీద పడింది, ఎవరినో కావలించుకున్నట్టు. నువ్వు నా భుజం మీద చెయ్యి వేశావు. దగ్గరికెళ్ళి చూస్తే బొమ్మ రొమ్ముకు పూసిన రంగు స్టీరింగ్ మధ్యలో గుండ్రంగా అంటుకుని ఉంది.

ఊరు చేరిన మర్నాడు షెడ్డు ముందు నిలబడ్డాను. సైకిలాయన వచ్చాడు. ఆపాను. ముసలాడైపోయాడు, కాలు కింద పెట్టడానికే అవస్థపడ్డాడు. పోట్లాటకి కాదు పెద్దాయనా అని, చూసింది చూసినట్టు చెప్పాను. చాలాసేపు హ్యాండిల్ వైపే చూశాడు. "మరి ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూశాడయ్యా. బెదిరాడనుకున్నా" అన్నాడు. తర్వాత తనే, "నన్ను చూశాడు, అప్పుడు తిప్పాడు. అవును. చూశాకే తిప్పాడు" అన్నాడు. సైకిల్ ఎక్కలేదు. నడిపించుకుంటూ వెళ్ళాడు.

ఆ ఉత్సాహంలో నేరుగా ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. నాన్న భయపడలేదమ్మా, ఒక మనిషిని తప్పించి పోయారమ్మా అన్నాను. అమ్మ అంతా విన్నది. సంతోషిస్తుందనుకున్నాను. చివరికి ఒక్కటే అడిగింది. "అయితే ఆయనకి నొప్పి తెలిసిందంటావా?"

అప్పుడు నాకు తట్టింది. ఊరివాళ్ళ మాట మనకి ముల్లు. అమ్మకి అందులో ఒక ఊరట ఉండేది. గుండె ఆగిపోయిన మనిషి నిద్రలో జారిపోయినట్టు పోతాడు కదా అని ఇన్నేళ్ళూ అనుకుంది. నేను వెళ్ళి అది లాగేశాను.

"లేదమ్మా, తెలియలేదు" అన్నాను. నా మొహం చూసి, "నీకెలా తెలుసురా" అంది. చెల్లి చెప్పిందన్నాను.

నువ్వు చెప్పలేదు. నేను అడగనూ లేదు. అబద్ధం చెప్పానా? రాయి.

అన్నయ్య


మే 12

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందిన రోజే రాయడానికి కూర్చున్నాను. రాయలేక మా దగ్గరకు వచ్చే డాక్టరు కోసం ఆగాను. ఈ రోజు ఆయన్ని అడిగాను. ఎవరి గురించో చెప్పలేదు.

గోడ వస్తోందని నాన్నకి తెలిసింది. అది కాదనలేం. చక్రం తిప్పిన మనిషికి ఎటు తిప్పాడో తెలుస్తుంది. ఆ తర్వాతది మాత్రం మా కొలతలకి అందదు. ఎంత బలంగా తగిలిందో బొమ్మ చెబుతుంది, ఎలా అనిపించిందో చెప్పదు. డాక్టరు కాసేపు ఆలోచించి, "అలాంటి దెబ్బ తగిలితే చాలామందికి ఏమీ తెలియదమ్మా" అన్నాడు. చాలామందికి అన్నాడు. అందరికీ అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆ చాలామందిలో మన నాన్న ఉన్నారని నా నమ్మకం. లెక్కలు చూసి కాదు, ఆయన కూతుర్ని కాబట్టి.

అమ్మ మళ్ళీ అడిగితే నన్నే అడగమను. నేనూ లేదనే చెబుతాను.

చెల్లి